అయిపోతే బాగుండు అనిపించిన ఎత్తు

2024 డిసెంబరు 12న సింగపూర్‌లో ప్రపంచ చదరంగ చాంపియన్‌షిప్ పద్నాలుగో ఆట జరిగింది. క్లాసికల్ ఆటల్లో అదే ఆఖరిది. అప్పటికి చైనా ఆటగాడు డింగ్ లిరెన్‌కు ఆరున్నర పాయింట్లు, మన గుకేశ్‌కు ఆరున్నర. తెల్లపావులు డింగ్‌వి. యాభై ఎత్తులు దాటేసరికి బోర్డు మీద పెద్దగా ఏమీ మిగల్లేదు. ఇద్దరికీ చెరో ఏనుగు, చెరో శకటు, కాసిని బంట్లు. గుకేశ్‌కు ఒక బంటు ఎక్కువ. కానీ బంట్లన్నీ ఒకే వైపున ఉండటంతో ఆ ఒక్క బంటును పట్టుకుని గెలవడం కష్టం. డింగ్ ఓపికగా కాచుకుంటే డ్రా. డ్రా అయితే మర్నాడు ర్యాపిడ్ టైబ్రేక్, అందులో డింగ్‌దే పైచేయి అవుతుందని చాలామంది అంచనా.

55వ ఎత్తులో డింగ్ తన ఏనుగును ఎఫ్2 గడిలో పెట్టాడు. ఏనుగుకు ఏనుగు మార్చుకుందాం రమ్మని ఎదుటివాణ్ని పిలిచినట్టు. చూడటానికి ఎంతో పద్ధతిగా ఉన్న ఎత్తు. గుకేశ్ ఏనుగు అప్పటిదాకా వెనక వరసల్లో తిరుగుతూ తెల్లరాజును విసిగిస్తోంది. అది పోతే పీడ విరగడవుతుంది కదా అనిపిస్తుంది.

అక్కడే కథ తిరగబడింది. డింగ్ శకటు బోర్డుకు ఒక మూల, ఏ8 గడిలో ఉంది. ఏనుగులు బోర్డు మీద ఉన్నంతసేపు ఆ మూల వల్ల నష్టం లేదు. ఏనుగులు పోయాక గుకేశ్ తన శకటును డీ5లోకి తెచ్చాడు. మూలనున్న శకటుకు కదలడానికి ఉన్నది ఒకే వాలు, ఆ వాలు మీదే నల్ల శకటు అడ్డంగా వచ్చి కూర్చుంది, దానికి వెనక రాజు కాపలా. తప్పించుకునే గడి లేదు, మార్చుకోక తప్పదు. శకటులూ పోయాయి. ఇక మిగిలింది రాజులు, బంట్లు. తెల్లరాజు ఈ3లో, నల్లరాజు ఈ5లో, మధ్యలో ఒక్క గడి, ఎత్తు వేయాల్సింది తెలుపు. ఆటగాళ్లు ఆపోజిషన్ అనే స్థితి ఇదే: ఎవరి వంతు వస్తే వాళ్ల రాజు పక్కకు తప్పుకుని దారి ఇవ్వాలి. 58వ ఎత్తు తర్వాత డింగ్ ఓటమి ఒప్పుకున్నాడు. చెన్నైలో స్థిరపడిన తెలుగు కుటుంబంలో పుట్టిన పద్దెనిమిదేళ్ల కుర్రాడు ఏడున్నర, ఆరున్నర తేడాతో ప్రపంచ చాంపియన్ అయ్యాడు.

ఇందులో నాకు అన్నిటికన్నా పనికొచ్చేదిగా తోచిన వివరం, ఆట తర్వాత గుకేశ్ స్వయంగా చెప్పిన సంగతి. డింగ్ ఆ ఎత్తు వేసిన వెంటనే అది తప్పని తనకూ తెలియలేదట. తన ఏనుగును వేరే చోటికి జరపబోయాడట. ఆ తర్వాతే మూలన ఉన్న శకటు ఇరుక్కుపోతుందన్న సంగతి కంటపడింది. అంటే ప్రపంచంలో ఆ ఇద్దరికి మించి ఆ బోర్డును ఎరిగినవాళ్లు లేని సమయంలో, ఆ ఇద్దరి కళ్లకూ ఆ ఎత్తు మామూలుగానే కనిపించింది. తేడా ఒక్కటే. ఒకరు ఎత్తు వేశాక కూడా ఇంకా చూస్తూనే ఉన్నారు.

తెలియని తప్పు, చూడని తప్పు

ఓడిపోయిన పిల్లవాణ్ని తీసుకుని ఇంటికి వచ్చే తల్లిదండ్రులు సాధారణంగా అనే మాట "ఎండ్‌గేమ్ ఇంకా బాగా నేర్చుకోవాలిరా" అని. మంచి మాటే. కాకపోతే డింగ్‌కు ఆ మాట చెప్పి ఏం లాభం? ఆపోజిషన్ అంటే ఏమిటో ఆయనకు చిన్నప్పుడే తెలుసు. బంటు తక్కువగా ఉన్నవాడు బంట్లు మార్చుకోవాలి గానీ పావులు మార్చుకోకూడదన్నది కోచింగ్ మొదలైన కొన్నాళ్లకే చెప్పే సూత్రం. అదీ తెలుసు. తెలిసినవాడు చేసిన తప్పుకు మందు మరింత చదువులో దొరకదు.

అందుకే తప్పు జరిగాక మొట్టమొదట తేల్చుకోవాల్సింది అది ఏ జాతి తప్పు అని. ఇక్కడ మనం చాలా తొందరపడతాం. ఓటమి మంటలో అన్నిటినీ ఒకే గంపలో వేసి "నాకు ఎండ్‌గేమ్ రాదు" అనేస్తాం. అలా అనుకోవడంలో ఒక సుఖం కూడా ఉంది. రాదు అనుకుంటే నేర్చుకునేదాకా బాధ్యత లేదు.

నిజంగా తెలియని తప్పులూ ఉంటాయి. ఏనుగుల ఎండ్‌గేమ్‌లో ఒక బంటు తక్కువగా ఉన్నప్పుడు ఏనుగును మూడో వరసలో ఎక్కడ నిలిపి కాపాడుకోవాలో పద్దెనిమిదో శతాబ్దంలోనే ఫ్రెంచి ఆటగాడు ఫిలిడోర్ చూపించాడు. ఆ స్థితి తెలియకపోతే బోర్డు ముందు కూర్చుని అప్పటికప్పుడు కనిపెట్టడం దాదాపు అసాధ్యం. తెలిస్తే పది నిమిషాల పని. ఇలాంటి తప్పు మీది అయితే సంతోషించండి, ఇది అన్నిటికన్నా చవకగా బాగయ్యే జబ్బు. క్యూబా చాంపియన్ కాపాబ్లాంకా ఎండ్‌గేమ్‌ను ముందుగా నేర్చుకోమని చెప్పేవాడు. మన దగ్గర పిల్లలు ఓపెనింగ్‌లు పదిహేను ఎత్తుల దాకా వల్లెవేస్తారు, రాజూ బంటూ మిగిలితే తికమకపడతారు. టోర్నమెంట్లలో ఓపెనింగ్ వల్ల వచ్చే లాభం పావు బంటు, ఎండ్‌గేమ్ తెలియక పోయేది నిండు పాయింటు అని ఈ లెక్క ఎవరూ చెప్పరెందుకో.

తెలిసీ చూడని తప్పుకు చరిత్రలో డేవిడ్ బ్రాన్‌స్టీన్‌ను మించిన ఉదాహరణ లేదు. 1951లో మాస్కోలో చాంపియన్ బోట్విన్నిక్‌తో ఇరవై నాలుగు ఆటల పోరు. ఆరో ఆటలో బ్రాన్‌స్టీన్ దగ్గర ఒక గుర్రం మిగిలింది, ఎదుటివాడి దగ్గర ముందుకు ఉరుకుతున్న బంటు. గుర్రంతో ఒక చెక్ ఇస్తే డ్రా. చాలాసేపు ఆలోచించిన బ్రాన్‌స్టీన్ రాజును కదిపాడు. బోట్విన్నిక్ తన రాజును ఒక్క గడి జరిపాడు, అంతే, బంటును ఆపే దారి లేక బ్రాన్‌స్టీన్ ఓడిపోయాడు. ఇరవై నాలుగు ఆటలు పూర్తయ్యేసరికి స్కోరు పన్నెండు, పన్నెండు. సమానమైతే కిరీటం పాత చాంపియన్‌దే అన్నది నిబంధన. ఆ ఒక్క అర పాయింటు ఉండి ఉంటే బ్రాన్‌స్టీన్ ప్రపంచ చాంపియన్. మళ్లీ ఆయనకు టైటిల్ పోరు ఆడే అవకాశం రాలేదు.

గుర్రంతో చెక్ ఇవ్వడం తెలియక జరిగింది కాదు ఇది. దీర్ఘంగా ఆలోచించినప్పుడు మనిషి తలలో ఒక బోర్డు తయారవుతుంది. అందులో పావులు ఐదారు ఎత్తుల తర్వాత ఎక్కడ ఉంటాయో అక్కడ ఉంటాయి. ఆలోచన ముగించి చేయి చాచేటప్పుడు కళ్ల ముందున్న బోర్డుకు తిరిగి రావాలి. తిరిగి రాకుండానే చేయి ముందుకు పోతే ఇలాంటివి జరుగుతాయి. ఎక్కువసేపు ఆలోచించాం కాబట్టి సరైన ఎత్తే అయి ఉంటుందన్న నమ్మకం కూడా ఇక్కడ మోసం చేస్తుంది.

ఇక గడియారం చేయించే తప్పు. దీని గురించి ఎక్కువ చెప్పాల్సింది లేదు. 2025 జూన్ 1న నార్వేలోని స్టావెంజర్‌లో మాగ్నస్ కార్ల్‌సన్ అంతటివాడు గుకేశ్ మీద చేతిలోకి వచ్చిన ఆటను సెకన్లు లెక్కపెట్టుకునే స్థితిలో ఒక గుర్రం చెక్‌తో జారవిడుచుకుని బల్ల మీద పిడికిలితో గుద్దాడు. ఆ వీడియో చూడనివారు తక్కువ. గడియారం తప్పులకు మూలం చివరి నిమిషంలో ఉండదు, ఇరవయ్యో ఎత్తు దగ్గర అనవసరంగా పెట్టిన ఖర్చులో ఉంటుంది. అక్కడ వెతకండి.

ముగింపు మీద ఆశ

డింగ్ తప్పు ఈ మూడింటిలో దేనికీ పూర్తిగా ఇమడదు. అది నాలుగో జాతి. ఈ అధ్యాయం రాయడానికి కారణమూ అదే. గంటల తరబడి ఒత్తిడిలో కాచుకున్నవాడికి "ఇక అయిపోతే బాగుండు" అనిపిస్తుంది. అనిపించడంలో తప్పేమీ లేదు. కానీ ఆ కోరిక మెల్లగా కంటిచూపును మార్చేస్తుంది. పావులు తగ్గించే ఎత్తులన్నీ అందంగా కనిపిస్తాయి, కాచుకు కూర్చునే ఎత్తులు విసుగ్గా కనిపిస్తాయి. డింగ్ మనసులో ఏముందో నేను చెప్పలేను గానీ, ఎత్తు స్వభావం మాత్రం ఆ కోరికదే. ఏనుగును అటూ ఇటూ జరుపుతూ ఇంకో యాభై ఎత్తులు ఆడాల్సి వచ్చేది. మార్చుకుంటే ఆ బాధ ఉండదనిపించి ఉండొచ్చు.

ఇందుకు సరిగ్గా ఎదురు తప్పు 1972 జులైలో రెక్యవిక్‌లో బాబీ ఫిషర్ చేశాడు. ప్రపంచ చాంపియన్‌షిప్ పోరులో స్పాస్కీతో మొదటి ఆట. చదునైన ఎండ్‌గేమ్, ఎవరు చూసినా డ్రా. 29వ ఎత్తులో ఫిషర్ తన శకటుతో అంచున ఉన్న హెచ్2 బంటును తినేశాడు. బంటును ముందుకు తోసి దారి మూసేస్తే శకటు బయటికి రాలేదన్నది స్కూలు పిల్లలకు కూడా కనిపించేదే. ఫిషర్‌కు కనిపించలేదంటే చాలామంది నమ్మలేదు. డ్రాతో సరిపెట్టుకోవడం ఆయనకు గిట్టదన్నది మాత్రం అందరికీ తెలుసు. డింగ్ ఎత్తు ఆట ముగియాలన్నట్టుంది, ఫిషర్ ఎత్తు ముగియకూడదన్నట్టుంది. ఇద్దరూ ఆ క్షణంలో చూసింది ఫలితాన్ని, బోర్డును కాదు.

ఫిషర్ ఆటలో ఇంకో సంగతి ఉంది, దాన్ని గురించి మనవాళ్లు తక్కువగా మాట్లాడుకుంటారు. శకటు పోయినా ఆ ఆట ఇంకా పోలేదు. శకటుకు బదులుగా రెండు బంట్లు వచ్చాయి, డ్రాకు దారి మిగిలే ఉందని తర్వాతి విశ్లేషకులు చూపించారు. ఓడించింది ఆ తర్వాత జరిగిన పొరపాటు. పేరు మోసిన తప్పు మొదటిది, ఖరీదైన తప్పు రెండోది. మనలో చాలామంది ఓటముల్ని తెరిచి చూసుకుంటే ఇదే వరస కనిపిస్తుంది. మొదటి దెబ్బకు ముఖం వేడెక్కుతుంది, "ఎలాగూ పోయింది" అనుకుంటూ వేసిన ఎత్తుతో నిజంగానే పోతుంది. తప్పు చేశానని తెలిసిన వెంటనే వేసే ఎత్తుకు మామూలుకన్నా రెట్టింపు సమయం తీసుకోవడం నేర్చుకోండి. మొహమాటం లేకుండా నీళ్లు తాగండి, లేచి నాలుగు అడుగులు వేయండి. మీ వంతు నడుస్తున్నా సరే, నిబంధనల ప్రకారం ఆట గది దాటకపోతే చాలు.

బోర్డుకు బయట కూడా ఈ "అయిపోతే బాగుండు" ఎంత ఖర్చు పెట్టిస్తుందో చూడాలంటే ఏ సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకైనా వెళ్లి కాసేపు నిలబడితే చాలు. ఎనిమిది నెలలుగా నలుగుతున్న స్థలం బేరం. మధ్యవర్తి ఫోన్లు, అన్నదమ్ముల పేచీలు, బ్యాంకు వాళ్ల కొర్రీలు. చివరి రోజున లింకు డాక్యుమెంట్లలో ఒకటి జిరాక్స్ మాత్రమే ఉందని తెలుస్తుంది. తాజా ఈసీ తీయించలేదని గుర్తొస్తుంది. మొదటి నెలలో అయితే ఆ మనిషే బేరం ఆపేసేవాడు. ఎనిమిదో నెలలో సంతకం పెట్టేస్తాడు. మోసపోయినవాళ్లలో తెలివితక్కువవాళ్లకన్నా అలసిపోయినవాళ్లే ఎక్కువ అని నా నమ్మకం.

దీనికి చదరంగంలో ఒక కచ్చితమైన విరుగుడు ఉంది. ఆఖరి పావును మార్చుకునే ముందు, రాజులూ బంట్లూ మాత్రమే మిగిలే స్థితిని చివరి దాకా లెక్కపెట్టాలి. సగం లెక్కపెట్టి "పర్వాలేదులే" అనుకోకూడదు. లెక్క అందకపోతే ఆ మార్పిడికి పోకూడదు. ఎందుకంటే ఏనుగులు ఉన్నప్పుడు చిన్న తప్పును తర్వాతి ఎత్తులతో సర్దుకోవచ్చు. బంట్ల ఎండ్‌గేమ్‌లో ఒక ఎత్తు ఆలస్యమైతే సర్దుకునే అవకాశమే రాదు. వెనక్కి రాలేని ఎత్తు వేసే ముందు ఆగడం అనే ఈ ఒక్క అలవాటు కోసం చదరంగం నేర్చుకున్నా గిట్టుబాటవుతుంది.

ఆ రాత్రి చేయాల్సిన పని

ఓడి ఇంటికొచ్చాక మనం చేసే మొదటి పని ఫోన్లో ఆటను ఇంజిన్‌కు ఎక్కించడం. అది ఎర్రగుర్తులు పెట్టి ఫలానా ఎత్తు తప్పు అని అరసెకనులో చెప్పేస్తుంది. ఇంతకు మించిన నష్టం ఇంకోటి లేదు. ఇంజిన్ జవాబు కంటబడ్డాక మీరు బోర్డు ముందు అసలేం ఆలోచించారో గుర్తు రాదు. జవాబు తెలిసినవాడి జ్ఞాపకం ఆ స్థానంలోకి వచ్చేస్తుంది. "నేనూ అదే అనుకున్నా, ఎందుకో వేయలేదు" అంటారు పిల్లలు. అబద్ధమాడాలని అనరు, నిజంగానే అలా గుర్తుంటుంది.

కాబట్టి ముందు స్కోర్‌షీట్, పెన్ను. తప్పు జరిగిన ఎత్తు నుంచి వెనక్కి ఓ ఐదారు ఎత్తులు తీసుకోండి. ఒక్కో ఎత్తు పక్కన అప్పుడు మీకేమనిపించిందో రాయండి. భయమేసిందా, గెలిచేశాననిపించిందా, ఎదుటివాడు లేచి తిరుగుతుంటే కోపమొచ్చిందా, బాత్‌రూమ్‌కు వెళ్లాలనిపించిందా. ఆట జరిగేటప్పుడే స్కోర్‌షీట్‌లో ప్రతి కొన్ని ఎత్తులకూ గడియారం సమయం వేసుకునే అలవాటు ఉంటే ఇంకా మంచిది, అది నిబంధనలకు విరుద్ధం కాదు. మీ జ్ఞాపకం ఎంత చెప్పినా నలభై సెకన్లలో వేసిన ఎత్తు నలభై సెకన్లదే.

ఇలా రాస్తే తరచుగా ఒక విచిత్రం బయటపడుతుంది. తప్పు అని మనం అనుకున్న ఎత్తుకు ముందే ఇంకో నిర్ణయం ఉంటుంది. డింగ్ ఆటలో ఏనుగు ఎఫ్2కు రావడం తప్పు. కానీ అది తప్పు కావడానికి కావాల్సిన పరిస్థితి అంతకుముందే, శకటు మూలకు చేరినప్పుడే తయారైంది. ఆ ఎత్తు తప్పు కాదు, అప్పటికీ ఆట డ్రాయే. కాకపోతే ఆ క్షణం నుంచి ఒక కొత్త షరతు పుట్టింది: ఏనుగులు మార్చుకోకూడదు. ఆ షరతును మనసులో ఒక మూల రాసిపెట్టుకోవాలి. మీ ఆటలోనూ ఇలాంటి షరతు ఎక్కడ పుట్టిందో వెతకండి. తప్పు జరిగిన ఎత్తు కన్నా ఆ షరతును మీరు మరిచిపోయిన ఎత్తే మీకు ఎక్కువ నేర్పుతుంది.

ఇదయ్యాక ఇంజిన్‌ను తెరవండి. బోర్డు మీద ఏడు పావులో అంతకన్నా తక్కువో మిగిలితే ఇంజిన్ కూడా అక్కర్లేదు. రాజులతో కలిపి ఏడు పావుల దాకా ఉన్న ఎండ్‌గేమ్‌లను కంప్యూటర్లు పూర్తిగా లెక్కగట్టేశాయి. మాస్కో స్టేట్ యూనివర్సిటీ కంప్యూటర్ మీద లోమోనొసోవ్ టేబుల్‌బేస్ 2012లో పూర్తయింది. ఇప్పుడు సిజిజీ టేబుల్‌బేస్ ఇంటర్నెట్‌లో ఎవరికైనా ఉచితం. ఏ ఎత్తు గెలుపు, ఏది డ్రా అన్నది అది తడబడకుండా చెబుతుంది. ఎందుకో మాత్రం చెప్పదు. ఆ ఎందుకును మీరే ఒకటి రెండు వాక్యాల్లో, తెలుగులోనే, ఒక నోట్‌బుక్‌లో రాసుకోవాలి. తర్వాత అదే స్థితిని బోర్డు మీద పేర్చి ఎవరితోనైనా ఆడండి. ముందు మీ వైపు నుంచి, తర్వాత ఎదుటివైపు నుంచి. గెలిచినవాడి కుర్చీలో కూర్చుంటే మన తప్పు వేరేగా కనిపిస్తుంది. మనం ఎంత భయపడ్డామో అతనూ అంతే భయపడుతూ ఉన్నాడని తెలియడం కూడా ఒక చదువే.

మర్నాటి ఆట

ఓటమి ఖరీదు ఒక్కోసారి ఆ రోజుతో తీరదు. 2013 నవంబరులో చెన్నైలో ఆనంద్, కార్ల్‌సన్ ప్రపంచ టైటిల్ పోరులో తొలి నాలుగు ఆటలూ డ్రా. ఐదో ఆట చాలాసేపు సమానంగా సాగి ఏనుగుల ఎండ్‌గేమ్‌లో ఆనంద్ చేయి జారింది. వెంటనే మర్నాడు ఆరో ఆట. అదీ ఏనుగుల ఎండ్‌గేమే, మళ్లీ డ్రా చేసుకోదగ్గదే, మళ్లీ ఓటమే. నిన్నటి ఆట ఇవాళ్టి కుర్చీలో వచ్చి కూర్చుంటుందంటే ఇదే. ఆనంద్ టైటిల్ పోయింది. ఐదు నెలలు తిరగకుండా 2014 మార్చిలో ఖాంతీ మాన్సీస్క్‌లో క్యాండిడేట్స్ టోర్నీ గెలిచి ఆనంద్ మళ్లీ అదే కార్ల్‌సన్‌కు చాలెంజర్‌గా నిలబడ్డాడు. అప్పటికి ఆయనకు నలభై నాలుగేళ్లు. ఆయన పనైపోయిందని రాసినవాళ్లు చాలామంది ఉన్నారు.

ఫిషర్ సంగతి ఆదర్శంగా చెప్పడం నాకు ఇష్టం లేదు. మొదటి ఆట ఓడాక కెమెరాల గొడవ పెట్టి రెండో ఆటకు రానేలేదు, అదీ ఎదుటివాడికే పోయింది. మూడో ఆట ప్రేక్షకులకు దూరంగా వెనక గదిలో ఆడి గెలిచాడు, చివరికి పన్నెండున్నర, ఎనిమిదిన్నరతో టైటిల్ పట్టుకుపోయాడు. మేధావి కాబట్టి చెల్లింది. మనలాంటి వాళ్లకు గుకేశ్ దారే నయం. సింగపూర్‌లో అతను మొదటి ఆటే ఓడిపోయాడు, మూడోది గెలిచాడు. పన్నెండో ఆటలో డింగ్ అతన్ని చిత్తుగా ఓడించాడు. పదమూడో ఆటలో అతను మళ్లీ గెలుపు కోసమే ఆడి డ్రా చేసుకున్నాడు. గుంటూరు గ్రాండ్‌మాస్టర్ పెంటేల హరికృష్ణ లాంటివాళ్లు ఆటకు సాయం చేస్తే, మనసు సంగతి చూసుకోవడానికి ప్యాడీ అప్టన్ అనే శిక్షకుణ్ని పెట్టుకున్నాడు. ఓటమి తర్వాతి గంటలకు కూడా ఒక ప్రణాళిక కావాలని ఆ బృందానికి తెలుసు.

మీకు బృందం ఉండదు. టోర్నమెంట్ మధ్యలో ఓడితే ఆ రాత్రి రాయడం ఒక్కటే చేయండి, ఇంజిన్ జోలికి పోవద్దు. లోతైన పరీక్ష ఇంటికి వెళ్లాకే. తిని పడుకోండి. పిల్లవాడు ఓడి వస్తే కారులో ఆట గురించి అడగకండి, వాడే చెబుతాడు, చెప్పకపోయినా మునిగిపోయేదేమీ లేదు.

నోట్‌బుక్ ఓ పాతిక ఆటలతో నిండాక ఒక ఆదివారం తీరిగ్గా మొదటి నుంచి చదవండి. కారణాల వరస మాత్రమే చూడండి. తెలియలేదు అన్న మాట ఎక్కువగా ఉంటే పుస్తకం కొనుక్కోవాలి. చూడలేదు అని ఉంటే చేయి చాచే ముందు బోర్డును ఒకసారి కొత్తగా చూడటం సాధన చేయాలి. టైమ్ లేదు అని ఉంటే ఓపెనింగ్ దగ్గర పొదుపు చేయాలి. విసుగొచ్చింది, అలిసిపోయాను, అయిపోతే చాలనిపించింది అని ఉంటే వచ్చే నెల నుంచి వారానికోసారి ఒక డ్రా ఎండ్‌గేమ్‌ను ఇంజిన్‌కు ఎదురుగా పెట్టుకుని, యాభై ఎత్తుల పాటు ఏమీ చేయకుండా కాచుకోవడం ప్రాక్టీసు చేయండి. మొదటి రెండు మూడు సార్లు ఇరవయ్యో ఎత్తు దగ్గరే ఓడిపోతారు. ఆ ఎత్తు నంబరును కూడా రాసిపెట్టుకోండి.